హోర్న్: వలందావారి ఊరు, మన బట్టల పద్దు

దక్షిణ అమెరికా ఖండం అట్టడుగున ఉన్న కేప్ హార్న్ పేరు బడిలో భూగోళం చదువుకున్నవారు విననిది కాదు. ఆ అగ్రం కొమ్ములా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని చాలామంది అనుకుంటారు. కొమ్ముతో దానికి చుట్టరికం లేకపోలేదు గానీ, అది దూరపు చుట్టరికం. నిజానికి అది ఒక ఊరి పేరు. నెదర్లాండ్స్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌కు ఉత్తరంగా 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న హోర్న్ అనే పాత రేవుపట్నం పేరు. 1616 జనవరి 29న ఆ ఊరి నావికుడు విల్లెమ్ స్కౌటెన్, వర్తకుడు యాకబ్ లె మైర్‌తో కలిసి ఆ అగ్రాన్ని దాటుతూ తమ ప్రయాణానికి పెట్టుబడి పెట్టిన ఊరి పేరును దానికి తగిలించాడు. ఊరి పేరుకు మాత్రం డచ్చి భాషలో కొమ్ము అనే అర్థం. ఊరి ముద్రలో ఇప్పటికీ కొమ్ముబూర ఉంటుంది.

ఉచ్చారణ గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. డచ్చివారు రెండు 'ఓ'లు పక్కపక్కన రాస్తే దీర్ఘంగా ఓ అనీ, 'ఓ'కు పక్కన 'ఈ' రాస్తే ఊ అనీ పలుకుతారు. ఇంగ్లీషు చదువు చదివిన మన నాలుకకు ఇది సరిగ్గా తలకిందులు. కనుక ఊరు హూర్న్ కాదు, హోర్న్. ఆ ఊరి నడిబొడ్డున విగ్రహమై నిలబడ్డ పెద్దమనిషి కోయెన్ కాదు, కూన్. ఇంతకూ ఈ వ్యాసమంతా ఆయన చుట్టూ తిరుగుతుంది, కాబట్టి పేరు సరిగ్గా పలకడం న్యాయం.

ఈ ఊరి మీద నాకు ఆసక్తి కలిగించింది దాని అందం కాదు, బందరు. డచ్చివారిని మన పెద్దలు వలందావారు అనేవారు. హాలండ్ అన్న మాటే తెలుగు నోట పడి వలందా అయింది. బందరులో వలందపాలెం ఇప్పటికీ ఉంది; దానికి తోడు ఫ్రెంచివారి పేరున పరాసుపేట, ఇంగ్లీషువారి పేరున ఇంగ్లీషుపాలెం. మూడు పేటల పేర్లు చెబితే బందరు మూడు వందల ఏళ్ళ చరిత్ర సగం చెప్పినట్టే. వలందపాలెంలో దిగినవారు ఏ ఊరి నుంచి బయల్దేరారు, ఇక్కడ కొన్న బట్టల డబ్బు చివరకు ఏ ఊళ్ళో ఇళ్ళుగా, గోదాములుగా, చర్చిలుగా మారింది అన్న ప్రశ్నకు జవాబు వెతికితే ఆరు ఊళ్ళ పేర్లు వస్తాయి: ఆమ్‌స్టర్‌డామ్, మిడెల్‌బర్గ్, డెల్ఫ్ట్, రాటర్‌డామ్, ఎంక్‌హౌజెన్, హోర్న్. 1602 మార్చి 20న పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీకి ఈ ఆరు ఊళ్ళలోనూ ఆరు శాఖలుండేవి. మొత్తం మూలధనం 64 లక్షల గిల్డర్ల పైచిలుకు. అందులో హోర్న్ వారు పోగుచేసింది 2,66,868 గిల్డర్లు. వ్యాపారంలో వారి వంతు పదహారింట ఒకటి. వాటా చిన్నదే. కానీ ఆ కంపెనీ స్వభావాన్ని తీర్చిదిద్దిన మనిషి ఈ చిన్న వాటా ఊళ్ళోనే పుట్టాడు.

కంపెనీకి ముందే హోర్న్ సంపన్నమైన ఊరు. 1357లో హాలండ్ ప్రభువు దగ్గర డబ్బిచ్చి పట్టణ హక్కులు కొనుక్కుంది. అప్పట్లో ఊరి ముంగిట ఉన్నది దక్షిణ సముద్రమని అర్థం వచ్చే జౌడర్‌జే. అది ఉత్తర సముద్రంలోకి తెరుచుకున్న లోతు తక్కువ అఖాతం. హోర్న్ ఓడలు బాల్టిక్ తీరాలకు ఉప్పూ, ఉప్పుచేపా తీసుకువెళ్ళి కలపా, ధాన్యమూ తెచ్చేవి. 1595లో పీటర్ లియోర్నే అనే ఊరి ప్రముఖుడు కట్టించిన ఒక కొత్తరకం ఓడ ఈ వ్యాపారాన్ని మలుపు తిప్పింది. ఫ్లౌట్ అని దాని పేరు. పొట్ట బానలాగ, పైతట్టు ఇరుకుగా, ఫిరంగులు తక్కువగా లేదా బొత్తిగా లేకుండా ఉంటుంది. బాల్టిక్ ముఖద్వారంలో డెన్మార్క్ రాజు వసూలుచేసే సుంకం ఓడ పైతట్టు వెడల్పును బట్టి ఉండేదనీ, అందుకే ఇలా కట్టారనీ చెబుతారు. ఆ కథ ఎంతవరకు నిజమైనా, తక్కువ నావికులతో ఎక్కువ సరుకు మోసే ఓడ అది. డచ్చివారి కిరాయి అందరికన్నా చవక కావడానికి అదొక ముఖ్య కారణం. సామ్రాజ్యాలు కత్తితో లేచాయని పుస్తకాలు చెబుతాయి గానీ, ఈ సామ్రాజ్యానికి పునాది ఒక గుమ్మటం లాంటి సరుకు పడవ.

అంతకు ముందు 1573 అక్టోబరులో స్పెయిన్ నౌకాదళానికీ, తిరుగుబాటు చేసిన ఈ ప్రాంతపు పట్నాలకూ ఊరి దగ్గరి నీళ్ళలోనే యుద్ధం జరిగింది. స్పెయిన్ సేనాని బోసూ ప్రభువు ఓడిపోయి హోర్న్‌లో బందీగా గడిపాడు. రేవు దగ్గర బోసూ ఇళ్ళని పిలిచే భవనాల ముందుగోడల మీద ఆ యుద్ధపు ఓడలు రాతిలో చెక్కి ఉన్నాయి, రంగులు వేసి. మెడ నొప్పెట్టేదాకా తలెత్తి చూడదగ్గవి.

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైలులో 40 నిముషాలు ప్రయాణం చేస్తే హోర్న్ వస్తుంది. స్టేషను నుంచి పాత ఊరు నడక దూరం. ఏ వీధిలో నడిచినా చివరకు రోడె స్టేన్ అనే కూడలికి చేరుతాం. ఎర్ర రాయి అని అర్థం. పూర్వం మరణశిక్షలు అమలుచేసిన చోటు కనుక నెత్తుటితో ఎర్రబడిన రాయి అని ఊరివారు చెప్పే కథ. ఇపుడు చుట్టూ కుర్చీలూ, బల్లలూ వేసుకుని జనం ఎండలో కాఫీ తాగుతుంటారు. ఒక పక్క 1609 నాటి తూనికల ఇల్లు, శిల్పి హెండ్రిక్ డె కెయిజర్ గీసిన నమూనా. పూర్వం ఊళ్ళోకి వచ్చిన చీజు ఇక్కడ కాటా వేయందే అమ్మడానికి వీలుండేది కాదు. దాని ఎదురుగా 1632లో కట్టిన వెస్ట్‌ఫ్రీస్ మ్యూజియం భవనం. పూర్వం ఈ ప్రాంతపు ఏడు పట్నాల ప్రతినిధులు సమావేశమైన చోటు అది. మెట్లు మెట్లుగా లేచే ముందుగోడ మీద మెట్టుకొక సింహం కూర్చుని ఒక్కో ఊరి డాలు పట్టుకుని ఉంటుంది. సింహాలను వెక్కిరిస్తున్నానని అనుకోకండి, వాటి మొహాల్లో గాంభీర్యం కన్నా గుమాస్తాగిరీ ఎక్కువ కనబడింది నాకు. ఊరి గుణం అదే కదా.

ఈ మ్యూజియానికి వేరే ప్రసిద్ధి కూడా ఉంది. 2005 జనవరిలో ఒక రాత్రి దొంగలు పడి 24 చిత్రాలూ, 70 వెండి వస్తువులూ ఎత్తుకుపోయారు. పదేళ్ళ తరువాత వాటిలో కొన్ని యుక్రెయిన్‌లో తేలాయి. 2016లో ఐదు చిత్రాలు తిరిగి ఇల్లు చేరాయి. సముద్రాల అవతలి నుంచి తెచ్చిన సొత్తుతో బాగుపడిన ఊరి సొత్తు అలా పరాయి దేశానికి పోవడంలో ఉన్న విడ్డూరాన్ని నేను ఎత్తి చూపనక్కరలేదు. మ్యూజియం మరమ్మతులు పెద్ద ఎత్తున తలపెట్టారు కాబట్టి వెళ్ళేవారు తెరిచి ఉందో లేదో ముందే చూసుకోవడం మంచిది.

రెండు భవనాల నడుమ, కూడలి మధ్యలో, ఎత్తైన పీఠం మీద యాన్ పీటర్‌సూన్ కూన్.

1587 జనవరిలో ఈ ఊళ్ళోనే బాప్తిస్మం పొందాడు. పదమూడు పద్నాలుగేళ్ళ వయసులో రోము నగరానికి పంపారు, ఒక వర్తకుడి కొట్టులో పని నేర్చుకోవడానికి. అక్కడ అతను నేర్చిన విద్య జంటపద్దు లెక్క. ఇటలీ వర్తకుల సొత్తయిన ఆ విద్య అప్పటికి ఉత్తర దేశాల్లో అందరికీ పట్టుబడలేదు. ఒకచోట జమ పడితే మరొకచోట ఖర్చు పడి తీరాలి, రెండు వరసలూ సరితూగాలి. 1607లో కంపెనీలో చిన్న వర్తకుడిగా చేరి తూర్పు దీవులకు వెళ్ళాడు. 1613లో కంపెనీ ఆసియా లెక్కలన్నిటికీ అధిపతి అయ్యాడు, 1617లో, ముప్ఫై ఏళ్ళకే, గవర్నర్ జనరల్‌గా నియమితుడయ్యాడు. యుద్ధం లేకుండా వ్యాపారమూ, వ్యాపారం లేకుండా యుద్ధమూ సాగవని 1614లోనే తన యజమానులకు రాసి పంపినవాడు. 1619లో జకార్తాను తగలబెట్టి ఆ బూడిద మీద కంపెనీ రాజధాని కట్టాడు. దానికి కొత్త హోర్న్ అని పేరు పెట్టుకోవాలని ముచ్చటపడ్డాడు కూడా. యజమానులు ఒప్పుకోక బటేవియా అన్నారు. లేకపోతే ఈ చిన్న ఊరి పేరు మూడు వందల ఏళ్ళు ఆసియా అంతా మారుమోగేది.

ఇపుడు బందరు సంగతికి వస్తాను. జాజికాయ, జాపత్రి అప్పట్లో ప్రపంచం మొత్తానికీ ఒక్కచోటే దొరికేవి: ఇప్పటి ఇండొనేషియా తూర్పు భాగాన ఉన్న బందా దీవుల్లో. చిన్న చిన్న దీవులు. అక్కడివారు బియ్యం పండించుకోరు, బట్ట నేసుకోరు. రెండూ బయటి నుంచి రావాలి. ఐరోపా వెండి వారికి అంతగా అక్కరలేదు. వారడిగేది భారతదేశపు నూలుబట్ట. అది కట్టుకునే గుడ్డే కాదు. పెళ్ళికి కానుక, పెద్దలకు మర్యాద, పెట్టెలో దాచుకునే ఆస్తి, చేతులు మారే నాణెం. ఈ సంగతి డచ్చివారికి తొందరగానే అర్థమైంది. 1605లో వారి ఓడ బందరు చేరింది. మరుసటి ఏడే గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా నుంచి వ్యాపారం చేసుకునే అనుమతి సంపాదించి బందరులో, నిజాంపట్నంలో కొట్లు పెట్టారు. 1610లో చంద్రగిరి రాయల అనుమతితో ప్రళయకావేరిలో, అంటే పులికాట్‌లో దిగి 1613 నాటికి కోట లేపారు. ఆ తరువాతి కాలంలో పాలకొల్లు, నరసాపురం, ద్రాక్షారామం, భీమునిపట్నం. హెండ్రిక్ బ్రౌవర్ అనే కంపెనీ ఉద్యోగి 1612లోనే తేల్చి చెప్పాడు, కోరమాండల్ తీరం సుగంధ దీవులకు ఎడమచెయ్యి వంటిదని, ఆ బట్టలు రాకపోతే దీవుల్లో వ్యాపారం చచ్చినట్టేనని.

పద్ధతి ఎలా ఉండేదంటే, దీవుల్లో ఏ రంగు, ఏ అంచు, ఎంత పొడవు అడుగుతున్నారో అక్కడి నుంచి మచ్చుగుడ్డలు బందరుకు వచ్చేవి. కొట్టువారు మధ్యవర్తులైన కోమట్ల చేతికి బయానా ఇస్తే, వారు పల్లెల్లోని సాలెల చేతికి ఇచ్చేవారు. నేసిన బట్ట అద్దకానికి వెళ్ళేది. నిజాంపట్నం ప్రాంతంలో దొరికే చిరువేరు ఎరుపుకు పెట్టింది పేరు. ఉతికే కొద్దీ మెరుగెక్కుతుందని తప్ప వెలుస్తుందని ఎవరూ అనలేదు. ఆ బట్ట ఓడెక్కి బటేవియాకూ, అక్కడి నుంచి బందాకూ పోయేది. దాని బదులు వచ్చిన జాజికాయ ఐరోపాకు పోయేది. కృష్ణా తీరపు సాలెకు బందా ఎక్కడుందో తెలియదు. బందావాడికి ఈ ఎరుపు ఏ వేరుదో తెలియదు. ఇద్దరి లెక్కా తెలిసినవాడు ఒక్కడే, రోములో జంటపద్దు నేర్చిన హోర్న్ వాడు. ఆసియా వ్యాపారపు లాభంతోనే ఆసియా సరుకు కొనాలి, ఇంటి నుంచి వెండి తెప్పించనక్కర లేకుండా చేయాలి అన్నది 1619 ప్రాంతంలో అతను యజమానులకు విడమరచి చెప్పిన పథకం. ఆ పథకానికి ఇరుసు మన తీరపు బట్ట.

బట్ట ఇచ్చి జాజికాయ కొనడం వ్యాపారం. కానీ జాజికాయ తనకొక్కడికే అమ్మాలన్నది కంపెనీ షరతు. బందావారు ఇంగ్లీషువారికీ, జావావారికీ, అడిగినవారందరికీ అమ్ముకున్నారు. వారి తోటలు, వారి కాయలు. 1621లో కూన్ స్వయంగా నౌకాదళంతో వెళ్ళాడు. మే 8న కోటలో 44 మంది బందా పెద్దలను జపాను కిరాయి సైనికుల చేత నరికించాడు. ఊళ్ళు తగలబెట్టారు. కొండల్లోకి పారిపోయినవారు ఆకలికి చచ్చారు, కొందరు కొండకొమ్ముల మీది నుంచి దూకారు, చిక్కినవారిని బటేవియాకు తరలించారు. సుమారు 15 వేల జనాభాలో ఆ దీవుల మీద మిగిలింది వెయ్యి మంది అని చరిత్రకారుల అంచనా. నేలను 68 తోటలుగా కోసి కంపెనీ మనుషులకు పంచారు. కాయలు కోయడానికి మనుషులు కావాలి, ఉన్నవారిని చంపుకున్నారు కదా. అందుకు బానిసలను తెచ్చారు. ఎక్కడెక్కడి నుంచో తెచ్చారు, మన తీరం నుంచి కూడా. 1620లలో పులికాట్ వంటి రేవుల్లో కరువుకు అమ్ముడుపోయినవారిని కొని ఓడలకెక్కించారు. బట్టలు పోయిన దారినే మనుషులూ పోయారు.

బందావారిపై ఈ దాడి యజమానులకు కూడా కొంచెం ఎక్కువే అనిపించింది, మెత్తగా మందలించారు. లాభం మాత్రం వద్దనలేదు. కూన్ 1629 సెప్టెంబరులో బటేవియాలో జబ్బుచేసి పోయాడు, మతరాం రాజు సైన్యం ఊరిని ముట్టడించి ఉండగా.

విగ్రహం అప్పటిది కాదు. 1893లో పెట్టారు, ఫెర్డినాండ్ లేన్‌హాఫ్ చేసిన కంచు విగ్రహం. అంటే మనిషి పోయిన 264 ఏళ్ళకు. సుమత్రాలో ఆచే యుద్ధం నడుస్తున్న రోజులు. దేశానికి వీరులు కావలసి వచ్చారు. నిరాశ పడకండి అని అర్థం వచ్చే కూన్ మాట పీఠం మీద చెక్కారు. అయితే అది ఎవరికీ తెలియని రోజుల్లో చేసిన పని అని సరిపెట్టుకోవడానికి లేదు. వాన్ డెర్ ఖైస్ అనే డచ్చి చరిత్రకారుడు 1886లోనే బందా మీద పుస్తకం రాస్తూ కూన్ పేరుకు నెత్తురంటిందని స్పష్టంగా చెప్పాడు. బటేవియాలో కూడా 1876లో ఒక కూన్ విగ్రహం పెట్టారు. 1943లో జపాను ఆక్రమణ కాలంలో దాన్ని తీసేశారు. హోర్న్ లోది మిగిలింది.

2011లో ఊరి పౌరులు కొందరు విగ్రహాన్ని తీసేయాలని పట్టుబట్టారు. పురపాలక సభ చర్చించి, విగ్రహం ఉంటుంది, పీఠం మీది రాత మారుతుంది అని తీర్మానించింది. ఆ తరువాత, ఆగస్టు 16న, కూడలిలో పనిచేస్తున్న ఒక క్రేను తగిలి విగ్రహం కింద పడింది. ఎవరూ కావాలని చేసింది కాదు. నవ్వాలో, శకునమనుకోవాలో ఊరివారికి పాలుపోలేదు. బాగుచేసి 2012లో మళ్ళీ నిలబెట్టారు. ఆ ఏడే మ్యూజియంలో కూన్ మీద విచారణ అని ఒక ప్రదర్శన పెట్టి, వచ్చినవారినే న్యాయనిర్ణేతలను చేశారు. ఉండనివ్వమన్నవారే ఎక్కువ. 2020 జూన్‌లో ప్రపంచమంతటా విగ్రహాల మీద ఆగ్రహం చెలరేగినపుడు ఇక్కడా ప్రదర్శనలు జరిగాయి, పోలీసులతో ఘర్షణ జరిగింది.

కొత్త ఫలకాన్ని నేను తీరిగ్గా నిలబడి చదివాను. కూన్ సమర్థుడైన పాలకుడని పొగడ్త అందుకున్నాడనీ, హింసాత్మకమైన వ్యాపారనీతికి విమర్శకూ గురయ్యాడనీ ఉంది. 1621లో వేలాది బందావారు చనిపోయారని ఉంది. ఈ విగ్రహం వివాదాస్పదమని కూడా ఉంది. తమ ఊరివాడి గురించి ఇంతమాత్రం కూడలిలో రాసి పెట్టుకోవడం చిన్న సంగతి కాదు. మన కూడళ్ళలోని విగ్రహాల కింద ఇటువంటి వాక్యం ఒక్కటైనా చూపించమంటే నా వల్ల కాదు. అయినా ఒక మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. బందా మీదికి వెళ్ళినదాన్ని ఫలకం శిక్షాయాత్ర అంటుంది. శిక్ష అంటే నేరం ఉండాలి. తమ కాయలు తమకు నచ్చినవారికి అమ్ముకోవడం ఏ నేరం కిందికి వస్తుంది? విమర్శిస్తున్న వాక్యంలోకి కూడా కంపెనీ గుమాస్తా భాషే వచ్చి కూర్చుంది. ఇక బట్టల ప్రసక్తి ఎక్కడా లేదు. అంత చిన్న పలక మీద అన్నీ పట్టవని ఒప్పుకుంటాను. కానీ జాజికాయ ఎలా వచ్చిందో చెప్పకపోతే కథంతా ఒక దుష్టుడూ, కొన్ని దీవులూ అన్నట్టు మిగులుతుంది. ఆ వ్యాపారానికి సరుకు సమకూర్చిన మగ్గాలు, బయానా ఇచ్చిన కోమట్లు, సుంకం తీసుకున్న సుల్తానులు, రాయలు, వీరంతా పద్దులో ఉన్నవారే. మన వైపు వారిని బాధితులుగానే చూడాలని నాకు లేదు. బందరులో బాగుపడినవారూ ఉన్నారు.

విగ్రహం తీసేయాలా అని నన్నడిగితే, ఉండనివ్వమనే అంటాను. తీసేస్తే ఆ కూడలిలో కాఫీ తాగేవారికి మిగిలేది సింహాలూ, తూనికల ఇల్లూ మాత్రమే. అంతకన్నా అందమైన అబద్ధం ఉండదు. అయితే బందా దీవుల వారి వారసులు ఎవరైనా వచ్చి ఆ మాట నా ముందు కాదంటే, వారితో వాదించే హక్కు నాకుందనుకోను.

కూడలి నుంచి రెండు మూడు వీధులు నడిస్తే ఒండర్ డె బోంప్యెస్ అనే కాలువ గట్టు వస్తుంది. చెట్ల కింద అని అర్థం. 1606 నాటి కంపెనీ గోదాములు అక్కడ ఉన్నాయి, ముందుగోడ మీద ఓడలు చెక్కిన రాయితో. చుట్టూ ఉన్న ఇళ్ళకన్నా ఏమంత గొప్పగా ఉండవు. పర్యాటకులు ఆగరు. నేను మాత్రం ఎక్కువసేపు నిలబడింది అక్కడే. మిరియాలు, జాపత్రి, జాజికాయ, చివరకు అద్దకం గుడ్డలు కూడా ఇటువంటి గోడల వెనక మూటలుగా పడి ఉండేవి. తొలుత దీవుల కోసం కొన్న గుడ్డ తరువాత ఐరోపాకు కూడా విపరీతంగా వచ్చింది. డచ్చివారు సిట్స్ అంటారు, మన చీట్లు, ఛీంటు గుడ్డ అన్న మాటే. జౌడర్‌జేకు అవతలి ఒడ్డున ఉన్న హిండెలోపెన్ ఊరి ఆడవారి సంప్రదాయపు పైవస్త్రం ఈ కోరమాండల్ అద్దకంతో కుట్టినదే. 2017లో లేవార్డెన్ నగరపు ఫ్రీస్ మ్యూజియంలో సిట్స్ మీద పెద్ద ప్రదర్శన పెట్టారు. బందరు పువ్వు ఫ్రీస్‌లాండ్ చలిలో ఎంత కాలం వాడకుండా ఉందో!

రేవులో 1532 నాటి హోఫ్డ్‌టోరెన్ బురుజు ఉంది. హోర్న్ ఛాయాచిత్రాలన్నిటిలోనూ కనబడేది అదే. దాని పక్కన గట్టు మీద కూర్చుని నీళ్ళకేసి చూస్తున్న ముగ్గురు కుర్రాళ్ళ కంచు బొమ్మలు. బోంటెకూ ఓడ కుర్రాళ్ళు వారు. విల్లెమ్ బోంటెకూ కూడా ఈ ఊరి కప్తానే. అతని ఓడ పేరు కొత్త హోర్న్. 1619లో సుమత్రా దగ్గర సముద్రంలో నిప్పంటుకుని మందుగుండుతో సహా పేలిపోయింది. గాలిలోకి ఎగిరి నీళ్ళలో పడిన కప్తాను బతికి బయటపడి బటేవియా చేరి కూన్ ముందు నిలబడ్డాడు. అతని దినచర్య 1646లో అచ్చయి ఆ శతాబ్దపు డచ్చి పాఠకులకు ఇష్టమైన పుస్తకాల్లో ఒకటయింది. 1924లో యోహాన్ ఫాబ్రిసియస్ దాని ఆధారంగా పిల్లల నవల రాశాడు. బొమ్మలు ఆ నవలలోని కుర్రాళ్ళవి. ఊళ్ళో పిల్లలు వాటి భుజాలెక్కి ఫోటోలు దిగుతారు. కూడలిలోని పెద్దాయనతో ఎవరూ అంత చనువు చేయరు.

కేప్ హార్న్ కథకు కూడా ముగింపు కూన్ చేతిలోనే జరిగింది. స్కౌటెన్, లె మైర్‌లు బయల్దేరింది కంపెనీ గుత్తాధిపత్యాన్ని తప్పించుకోవడానికి కొత్త దారి వెతుకుతూ. హోర్న్ అనే చిన్న ఓడ పటగోనియా తీరంలో అడుగు కాల్చి శుభ్రం చేస్తుండగా తగలబడింది. మిగిలిన ఓడతో అగ్రం చుట్టి, పసిఫిక్ దాటి, 1616లో జావా చేరారు. మీరు కొత్త దారిన వచ్చారంటే నమ్మను అని కూన్ ఓడనూ, సరుకునూ జప్తు చేశాడు. స్కౌటెన్ తన ఊరివాడే అన్న మొహమాటం ఏమీ లేదు. యాకబ్ లె మైర్ తిరుగు ప్రయాణంలో ఓడ మీదే చనిపోయాడు. అతని తండ్రి కోర్టుకెక్కి చివరకు గెలిచాడు. అప్పటికి కొడుకు లేడు.

పద్దెనిమిదో శతాబ్దంలో రేవు పూడి వ్యాపారం ఆమ్‌స్టర్‌డామ్‌కు తరలింది. 1799 చివరి రోజున కంపెనీ రద్దయింది. 1874లో ఆంరీ హవార్ అనే ఫ్రెంచి యాత్రికుడు ఈ తీరపు ఊళ్ళను చచ్చిన పట్నాలని పేరుపెట్టి పుస్తకం రాస్తే అది బాగా ప్రచారం పొందింది. కొత్త ఇళ్ళు కట్టే డబ్బు లేకపోవడం వల్లనే పాత ఇళ్ళు నిలిచాయి. ఈనాటి అందమంతా ఆ దరిద్రం పెట్టిన భిక్ష. 1932లో పెద్ద ఆనకట్ట కట్టి జౌడర్‌జేను సముద్రం నుంచి వేరుచేశారు. ఉప్పునీరు మంచినీరయింది. ఇపుడు రేవులో ఉన్నవి షికారు పడవలు. బందరుకు ఆ అదృష్టం పట్టలేదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన 30 వేలమందిని పొట్టన పెట్టుకుంది. 1825లో డచ్చివారు తమ భారతదేశపు కొట్లను ఇంగ్లీషువారికి అప్పజెప్పి వెళ్ళాక వారివిగా మిగిలినవి సమాధులు. బందరులోనూ, భీమునిపట్నంలోనూ ఉన్నాయి, కొన్నిటి మీద డాలు ముద్రలూ, ఓడ బొమ్మలూ ఇంకా చెదరలేదు. అక్కడికి వెళ్ళినవారు ఊరి పేర్లు చదవడానికి ప్రయత్నించండి.

ఒక రోజు చాలు హోర్న్‌కు. రెండో రోజు ఉంటే స్టేషను పక్క నుంచి మేడెంబ్లిక్ దాకా ఆవిరి ట్రాము నడుస్తుంది, పాత పెట్టెలు, బొగ్గుపొగ అన్నీ యథాతథంగా. మేడెంబ్లిక్ నుంచి ఎంక్‌హౌజెన్‌కు పడవ, అక్కడి నుంచి హోర్న్‌కు మామూలు రైలు. శీతాకాలంలో ట్రాము, పడవ రెండూ ప్రతిరోజూ ఉండవు కనుక వేసవిలో వెళ్ళడం మేలు. ఎంక్‌హౌజెన్‌లో దిగితే జౌడర్‌జే మ్యూజియంలో పెపర్‌హౌస్ చూడకుండా రాకండి. మిరియాల ఇల్లని పేరు. కంపెనీ వారి గోదాము అది కూడా.